తొలినాటి తొక్కుడు



1977 జనవరి 22, శనివారం. ప్రద్యుమ్న కుమార్ మహానందియా అనే ఒడియా చిత్రకారుడు 60 రూపాయలు పెట్టి కొన్న పాత సైకిలెక్కి ఢిల్లీ నుంచి స్వీడన్‌కి బయల్దేరారు. సరదా కోసం కాదు, పందెం కోసమూ కాదు. భార్య అక్కడ ఉంది. విమానం ఎక్కడానికి చేతిలో డబ్బు లేదు. అంతే.

ఆయనది అఠమల్లిక్ ప్రాంతంలోని కందపడా అనే పల్లె. ఇప్పుడది అంగుల్ జిల్లాలో ఉంది. నేతపని చేసుకునే దళిత కుటుంబంలో పుట్టారు. బడిలో ఎదురైన అంటరానితనం గురించి ఆయనే చాలాసార్లు చెప్పారు. ఖల్లికోట్ ఆర్టు స్కూల్లో చదివి, అక్కడి నుంచి ఢిల్లీ ఆర్ట్ కాలేజీకి వెళ్ళారు. సాయంత్రాలు కన్నాట్ ప్లేస్‌లో ఫౌంటెన్ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళ బొమ్మలు గీసేవారు. పది నిమిషాల్లో బొమ్మ, పది రూపాయల రేటు. 1975 డిసెంబరు 17న షార్లొట్ వాన్ షెడ్విన్ అనే స్వీడన్ అమ్మాయి బొమ్మ గీయించుకోవడానికి ఆయన ముందు కూర్చున్నారు. స్నేహితులతో కలిసి వ్యానులో 22 రోజులు రోడ్డు మీద ప్రయాణం చేసి ఆమె మన దేశానికి వచ్చారు. ఇద్దరూ ఒడిశా వచ్చి ఆయన వాళ్ళ మధ్య, వాళ్ళ పద్ధతిలో పెళ్ళి చేసుకున్నారు. తర్వాత ఆమె స్వదేశం వెళ్ళిపోయారు. ఏడాదికి పైగా ఉత్తరాలతోనే కాపురం. విమానం టికెట్టుకి డబ్బు పంపుతానని ఆమె అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఉన్నవన్నీ అమ్మేసుకుని సైకిలు కొన్నారు.

ఈ కథ చెప్పేవాళ్ళంతా ప్రేమ గురించే చెబుతారు. చెప్పుకోదగిందే. స్వీడన్ రచయిత పెర్ జె. ఆండర్సన్ 2013లో దీన్ని పుస్తకంగా రాస్తే ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. కానీ సైకిలు తొక్కి పొట్టపోసుకున్న మనిషికి, సంతకి సైకిలు మీద బస్తా వేసుకుపోయే మనిషికి ఇందులో వేరే కుతూహలం ఒకటి ఉంటుంది. ఆ శనివారం పొద్దున్న ఎలా గడిచి ఉంటుంది? పరాయి దేశానికి సైకిలు మీద బయల్దేరిన మనిషికి తొలి రోజున ఏమేం ఎదురవుతాయి? ఈ పూట ముచ్చట అదే.

తొలి రోజుకి గుండె ధైర్యం కావాలని అందరూ అనుకుంటారు. ఇల్లు దాటేసరికే ధైర్యం వంతు అయిపోతుంది. ఆ తర్వాతి పనంతా సీటుది, మూటది, జేబులోని కాగితాలది. ఆ రోజు బాగా గడవడమో, అఘోరించడమో చాలా వరకు అంతకు ముందు వారాల్లోనే తేలిపోయి ఉంటుంది.

మహానందియా బయల్దేరిన వారం మామూలు వారం కాదు. దేశంలో ఇంకా ఎమర్జెన్సీ నడుస్తోంది. సరిగ్గా నాలుగు రోజుల ముందు, జనవరి 18న, ఇందిరా గాంధీ లోక్‌సభ ఎన్నికలు ప్రకటించారు. జైళ్ళలో ఉన్న నాయకులు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ఆయన ఢిల్లీ వదిలిన మర్నాడే, 23న, జనతా పార్టీ పుట్టింది. దేశం చూపంతా ఢిల్లీ మీద ఉన్న రోజుల్లో ఒక మనిషి ఢిల్లీకి వీపు చూపించి అమృత్‌సర్ వైపు తొక్కుకుంటూ పోయారు. ఇందిరా గాంధీ బొమ్మ కూడా గీసిన మనిషాయన.

ఢిల్లీ నుంచి అమృత్‌సర్ దాదాపు 450 కిలోమీటర్లు. పానిపట్, కురుక్షేత్రం, అంబాలా, లూధియానా మీదుగా పోయే పాత గ్రాండ్ ట్రంక్ రోడ్డు. కొండ అన్న మాటే లేదు. మన ఒడిశాలో రాయగడ, కోరాపుట్ ఘాట్లలో సైకిలు దిగి తోయడం అలవాటైన వాళ్ళకి ఆ రోడ్డు చూస్తే ఈర్ష్య పుడుతుంది. అయితే చదును రోడ్డుకి దాని తద్దినం దానికుంది. చలికాలంలో ఆ మైదానాల మీద గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. అమృత్‌సర్ ఉన్నదీ వాయవ్యంలోనే. అంటే నుదుటి మీదికి ఎదురుగాలి. కొండ ఎక్కితే దిగుడు ఉంటుంది, ఎదురుగాలికి ఆ దయ కూడా లేదు. దానికి తోడు జనవరి పొగమంచు. పొద్దున్న తొమ్మిదైనా ముందు పోయే లారీ వెనక దీపం తప్ప లారీ కనబడని రోజులుంటాయి అక్కడ.

సైకిలు సంగతి కొంచెం చూద్దాం. ఆనాటి మామూలు నల్ల సైకిలు, మన ఊళ్ళలో ఇప్పటికీ పాల క్యాన్లు మోసే రకం, ఖాళీగానే ఇరవై కిలోల దాకా తూగుతుంది. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనకదానికి 18. పెడలు ఒక చుట్టు తిప్పితే చక్రం రెండున్నర చుట్లకు కాస్త తక్కువ తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం కాబట్టి బండి ఐదున్నర మీటర్లు ముందుకు పోతుంది. మహానందియా రోజుకు సగటున 70 కిలోమీటర్లు తొక్కానని చెప్పారు. అలాంటి సైకిలు మీద 70 కిలోమీటర్లంటే కాళ్ళు దాదాపు 13 వేల సార్లు చుట్టు తిరగాలి. ఎదురుగాలిలో, ఒకే గేరులో. మన బిస్సమ్ కటక్ నుంచి రాయగడ వెళ్ళి, తిరుగుదారిలో సగం దూరం వచ్చేస్తే ఇంచుమించు అంత దూరం. ఒక రోజుకైతే మన కుర్రాళ్ళు చాలామంది తొక్కేస్తారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ అంత దూరం, ఆ మర్నాడు మళ్ళీ అంత. చిక్కంతా అక్కడుంది.

అందుకే దూర ప్రయాణాలు చేసినవాళ్ళు తొలి రోజు తక్కువ తొక్కమంటారు. నలభై, యాభై కిలోమీటర్లు చాలంటారు. వినేవాళ్ళు అరుదు. తొలి రోజు ఉత్సాహం కల్లు తాగిన ఉత్సాహమే. మొదటి ముప్పై కిలోమీటర్లు పాటలు పాడుకుంటూ పోతారు. నలభై దాటాక మణికట్లు తిమ్మిరెక్కుతాయి, చిటికెన వేలికి స్పర్శ తెలియదు. యాభై దాటాక సీటు మీద కూర్చోలేరు, నిలబడి తొక్కలేరు. సాయంత్రానికి మోకాలి చిప్ప కింద సన్నటి నొప్పి మొదలవుతుంది. అదే అసలు ప్రమాదం. తొడల నొప్పి రెండు రోజుల్లో పోతుంది, మోకాలి నొప్పి వారాలపాటు వెంట వస్తుంది.

ఆ మోకాలి నొప్పికి చాలాసార్లు కారణం సీటు ఎత్తు. మన దగ్గర సైకిలు ఆపినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనేలా సీటు కిందికి దించుకుంటారు. చిన్నప్పుడు నాన్న సైకిలు ఫ్రేములోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చుకున్న తరానికి సీటు మీద కూర్చోవడమే గొప్ప, ఎత్తు గురించి పట్టింపు ఎక్కడిది? సంతకి వెళ్ళి రావడానికి ఆ ఎత్తు చాలు. రోజుకు 13 వేల చుట్లకు చాలదు. సరైన ఎత్తు చూసుకోవడానికి కొలత టేపు అక్కర్లేదు. గోడ పట్టుకుని సీటెక్కి, పెడలును అడుగుకి తెచ్చి, మడమ దాని మీద ఆనించాలి. మోకాలు చక్కగా చాచుకుంటే సీటు సరిగ్గా ఉన్నట్టు. ఇంకా వంగి ఉంటే సీటు పైకి లేపాలి. కాలు అందక నడుము పక్కకి ఒరిగితే దించాలి. బయల్దేరే ముందు ఒక్క నిమిషం పని. ఇది చేయకుండా వెళ్ళి దారిలో మోకాలికి గుడ్డ కట్టుకుని రైల్లో తిరిగొచ్చినవాళ్ళున్నారు.

ఇక మూట.

ప్రపంచాన్ని సైకిలు మీద చుట్టొచ్చిన మొదటి మనిషి థామస్ స్టీవెన్స్. 1884 ఏప్రిల్ 22న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బయల్దేరాడు. ముందు చక్రం యాభై అంగుళాలు, వెనకది బొమ్మ చక్రమంత ఉండే ఎత్తు సైకిలు అది. దాని మీద మూట పెట్టే చోటే లేదు. అందుకని మేజోళ్ళు, ఒక చొక్కా, వానకోటు, చిన్న రివాల్వరు పట్టుకుని వెళ్ళాడు. ఆ వానకోటే రాత్రి గుడారం, అదే పక్క. దారిలో మన దేశానికీ వచ్చాడు. 1886లో లాహోరు నుంచి కలకత్తా దాకా, ఎక్కువగా మహానందియా తొక్కిన ఈ గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదే, కాకపోతే ఎదురు దిక్కులో తొక్కాడు.

పదేళ్ళ తర్వాత 1894 జూన్‌లో బోస్టన్ నుంచి ఆనీ లండన్‌డెరీ బయల్దేరింది. అసలు పేరు ఆనీ కొప్‌చోవ్‌స్కీ. లండన్‌డెరీ అన్నది ఒక సీసా నీళ్ళ కంపెనీ పేరు. తమ పేరు పెట్టుకుని, తమ బోర్డు సైకిలుకి తగిలించుకుని తిరిగితే వంద డాలర్లిస్తామన్నారు. ప్రకటన బోర్డుతో పాటు ఇంటిపేరే మార్చేసుకుంది మహాతల్లి. ఆవిడ ఎక్కిన మొదటి సైకిలు 19 కిలోలు. ఒంటి మీద పొడుగు లంగాలు. షికాగో చేరేసరికి తత్వం బోధపడింది. అక్కడ తొమ్మిదిన్నర కిలోల మగవాళ్ళ సైకిలు తీసుకుని, లంగాలు మానేసి లాగుల్లోకి మారింది. బోస్టన్‌లో చేసి ఉండవలసిన పని షికాగోలో చేసింది. అయినా చేసింది. చాలామంది చివరిదాకా చేయరు.

ఐర్లండుకి చెందిన డెర్వ్‌లా మర్ఫీ మాత్రం పని ముందే చేసుకుని బయల్దేరిన మనిషి. పదో పుట్టినరోజుకి ఆమెకి ఒక అట్లాసు, ఒక పాత సైకిలు కానుకగా వచ్చాయి. రెండూ చూసుకుని, ఎప్పటికైనా దీని మీద ఇండియా వెళ్ళాలని అప్పుడే నిశ్చయించుకుంది. బయల్దేరేసరికి 31 ఏళ్ళు వచ్చాయి. మంచాన పడిన తల్లికి సేవ చేస్తూ ఇంట్లోనే ఉండిపోయింది. తల్లి పోయాక, 1963 జనవరి 14న, ఫ్రాన్సులోని డంకర్క్ నుంచి ఢిల్లీ వైపు తొక్కడం మొదలుపెట్టింది. ఐరోపాలో అది కొన్ని దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత చలికాలం. ఆమె సైకిలు పేరు రోజ్. బయల్దేరే ముందు ఆమె చేసిన ఒక పని ఇవాళ్టి సైకిలు పిచ్చివాళ్ళు వింటే నోరు వెళ్ళబెడతారు. సైకిలుకున్న మూడు గేర్లూ పీకించేసింది. ఆసియా రోడ్ల మీద గేర్లు పాడైతే బాగుచేసే దిక్కుండదు, లేనిది పాడవదు అని ఆమె లెక్క. మార్పు టైర్లను మోసుకెళ్ళకుండా దారిలోని ఊళ్ళకు ముందే పోస్టులో పంపేసింది. తెలివంటే అది.

మార్పు టైర్ల మాట చిన్నది కాదు. మన నల్ల సైకిళ్ళకి వేసే 28, ఒకటిన్నర సైజు టైరు ఇక్కడ ఏ సంతలోనైనా దొరుకుతుంది. చాలా దేశాల్లో దొరకదు, అక్కడి సైజులు వేరు. వాల్వులూ అంతే. మన వాల్‌ట్యూబు రకం వేరు, ఇప్పటి గేరు సైకిళ్ళకి వచ్చే రెండు రకాలు వేరు. పంపు మూతి సరిపోకపోతే చేతిలో పంపుండీ గాలి కొట్టుకోలేని గతి. విమానంలో వెళ్ళేవాళ్ళకి తొలి రోజు సగం అట్టపెట్టె విప్పి బండి బిగించుకోవడంలోనే పోతుంది. అందులోనూ ఒక తిరకాసుంది. ఎడమ పెడలు మర ఎదురు తిప్పుడు. సంగతి తెలియక కుడిదానిలాగే బిగించబోయి క్రాంకు మరలు అరగదీసుకుంటే, ప్రయాణం విమానాశ్రయం ముందే ముగుస్తుంది.

బరువు ఎంత తగ్గించినా కొంత మిగులుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. అంతా వెనక క్యారియరు మీద కట్టేస్తే ఎగుడులో ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, దిగుడులో హ్యాండిలు వణుకుతుంది. ఈ విద్య బిస్సమ్ కటక్ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. బుధవారం పొద్దున్న చాటికోనా సంత దారిలో నిలబడి చూస్తే చాలు. నియమగిరి కొండల మీది నుంచి డొంగ్రియా కొంధులు కావళ్ళతో దిగి వస్తారు. అనాసపళ్ళు, అరటి గెలలు, పసుపు. కావడి బద్దకి రెండు కొసలా తూకం సమానం, మూటలు నేలకి దగ్గరగా. నడకకి తగ్గట్టు బద్ద ఊగుతుంది తప్ప మనిషి ఊగడు. విదేశీ కంపెనీలు వేల రూపాయలకు అమ్మే సైకిలు సంచులు పనిచేసేదీ సరిగ్గా ఈ లెక్క మీదే. కుడి ఎడమ సమానంగా, వీలైనంత కిందికి, బరువైనవి అడుగున.

మన దేశం నుంచి సైకిలు మీద ప్రపంచం చుట్టిన తొలి జట్టు మహానందియా కన్నా 54 ఏళ్ళు ముందుది. 1923 అక్టోబరు 15న బొంబాయి వెయిట్‌లిఫ్టింగ్ క్లబ్బుకి చెందిన ఆరుగురు పార్సీ కుర్రాళ్ళు బయల్దేరారు. నాలుగున్నరేళ్ళు, 71 వేల కిలోమీటర్లు. 1928 మార్చిలో బొంబాయి చేరింది ముగ్గురే: ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా. మిగతా ముగ్గురిలో ఒకరు టెహ్రాన్ నుంచి ఇంటిదారి పట్టారు, ఒకరు అమెరికాలోనే ఉండిపోయారు. కండలు తిరిగిన వస్తాదులే అందరూ. తొలి రోజు ఫోటోలో ఎవరు చివరిదాకా వస్తారో, ఎవరు రారో కండలు చూసి చెప్పడం కుదరదు.

మహానందియా దగ్గర కండల కన్నా పనికొచ్చేది ఒకటుంది. పెన్సిలు. ఎవరి ముందైనా కూర్చుని పది నిమిషాల్లో వాళ్ళ ముఖం కాగితం మీద పెట్టగలరు. దానికి భాష అక్కర్లేదు, బరువూ లేదు. దారిలో బొమ్మలు గీస్తే కొందరు డబ్బిచ్చారు, కొందరు అన్నం పెట్టారు, పడుకోవడానికి చోటిచ్చారు. ముఖ్యంగా ఆఫ్ఘనిస్తాన్‌ని ఆయన ఎంతో ప్రశాంతంగా ఉన్న, అందమైన దేశంగా తలచుకుంటారు. కళ అంటే అక్కడి జనానికి ఇష్టమని చెబుతారు. ఇవాళ వింటే నమ్మబుద్ధి కాదు.

ఆయన అదృష్టం కూడా అక్కడే ఉంది. 1970లలో ఐరోపా కుర్రకారు ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్ మీదుగా ఢిల్లీ, ఖాట్మండూ దాకా రోడ్డు మీదే వచ్చేవాళ్ళు. షార్లొట్ వచ్చిందీ ఆ దారినే. ఆ దారి పక్కన చవక హోటళ్ళు, కబుర్లు చెప్పే తోటి బాటసారులు, ఏ వీసా ఎక్కడ తేలిగ్గా దొరుకుతుందో తెలిసినవాళ్ళు ఉండేవారు. 1978 ఏప్రిల్‌లో కాబూల్‌లో సైనిక తిరుగుబాటు జరిగింది. 1979 జనవరిలో ఇరాన్ షా దేశం విడిచిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్‌లో దిగాయి. దారి మూసుకుపోయింది. ఇంకాస్త డబ్బు కూడబెట్టుకుని వెళ్దామని మహానందియా మూడేళ్ళు ఆగి ఉంటే, 60 రూపాయల సైకిలే కాదు, 60 వేల సైకిలున్నా ఆ రోడ్డు మీద పోవడం కుదిరేది కాదు. బాగా సిద్ధమై వెళ్ళాలన్న మాటకి ఇలాంటి ఎదురు సాక్ష్యాలు కూడా ఉంటాయి.

సరిహద్దు దాటాక ఎదురయ్యే తొలి గండం భాషది అనుకుంటారు. అసలు గండం రోడ్డుకి ఏ పక్కన పోవాలన్నది. మనం ఎడమ పక్కన పోతాం. ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, టర్కీ అన్నీ కుడి పక్కవే. నిటారు రోడ్డు మీద బాధ లేదు, ముందు పోయే బండి వెనక పోతే చాలు. మలుపులోనే వస్తుంది తంటా. ఖాళీ రోడ్డు మీద ఎడమ సందులోకి తిరిగామంటే, పుట్టినప్పటి అలవాటు మనిషిని తీసుకెళ్ళి తప్పు పక్కన, ఎదురొచ్చే లారీ ముందు నిలబెడుతుంది. పొద్దున్న టీ తాగి మళ్ళీ సైకిలెక్కిన మొదటి నిమిషం ఇంకా ప్రమాదం. అనుభవం ఉన్నవాళ్ళు హ్యాండిలుకి ఒక గుడ్డపేలిక కట్టుకుంటారు, ఏ పక్కన పోవాలో గుర్తుండడానికి. తమాషా ఏమిటంటే, స్వీడన్ కూడా 1967 సెప్టెంబరు 3 దాకా ఎడమ పక్కన నడిచిన దేశమే. ఆ రోజు తెల్లవారుజామున ఐదింటికి దేశం దేశమంతా బళ్ళు ఆగి, కుడి పక్కకి మారి, మళ్ళీ కదిలాయి. మహానందియా పదేళ్ళు ముందు వెళ్ళి ఉంటే అక్కడైనా ఈ బాధ తప్పేది.

1977 మే 28న ఆయన స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ చేరారు. చివరి అంచె సైకిలు మీద కాదు, వియన్నా నుంచి రైల్లో. దీనికి కొందరు మొహం చిట్లిస్తారు, మొత్తం తొక్కలేదు కదా అని. ఆయన రికార్డు కోసం వెళ్ళలేదు, ఇంటికి వెళ్ళారు. తర్వాత బొరోస్ పట్టణంలో స్థిరపడి, పిల్లలకి చిత్రకళ నేర్పే మాస్టారయ్యారు.

ఆ ప్రయాణంలో ఆయన దాటిన దేశాల్లో డెన్మార్క్ ఒకటి. బిస్సమ్ కటక్‌లో ఆ పేరు కొత్తది కాదు. 1954లో డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ అనే డెన్మార్క్ వైద్యురాలు ఇక్కడికి వచ్చి మొదలుపెట్టిందే ఇవాళ్టి క్రిస్టియన్ ఆసుపత్రి. మనకి ఇల్లయిన ఊరు ఆవిడకి పరదేశం. సరిహద్దు అన్నది ఈ ఊరిని ఇంకో రకంగానూ దాటింది. 1936 మార్చి 31 రాత్రి బిస్సమ్ కటక్ జనం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో పడుకున్నారు. తెల్లారేసరికి ఒరిస్సా రాష్ట్రంలో లేచారు. ఎవరూ అడుగు కదపలేదు. సంతలో తెలుగు, ఒడియా, కువి కలిసి వినబడడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మరి ఇప్పుడు ఈ ప్రాంతపు కుర్రాళ్ళెవరైనా సైకిలు మీద విదేశం చూసొస్తామంటే ఎటు పోవాలి? స్వీడన్ దాకా అక్కర్లేదు. నేపాల్ ఉంది. భారతీయులకి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డున్నా చాలు. అక్కడా ఎడమ పక్క ప్రయాణమే కాబట్టి గుడ్డపేలిక కట్టుకునే పని లేదు. మన రూపాయికి వాళ్ళ రూపాయి అరవై పైసల లెక్క 1993 నుంచీ మారలేదు. బీహార్‌లో రక్సౌల్ దాకా రైలు. స్టేషను నుంచి బయటికొచ్చి సైకిలెక్కితే, రిక్షాలు, జట్కాలు, లారీల మధ్య నుంచి బీర్‌గంజ్ ద్వారం దాటడానికి పట్టేది కాసేపే.

అక్కడి నుంచి హెటౌడా ఇంచుమించు 55 కిలోమీటర్లు. తొలి రోజుకి ఇంతకన్నా మంచి దూరం దొరకదు. సిమరా దాకా చదును. పథలైయా దాటాక సాల అడవి, మన మునిగుడా వైపు గుగ్గిలం చెట్ల అడవులు చూసినవాళ్ళకి పాత చుట్టం. ఆ తర్వాత అమ్లేఖ్‌గంజ్. 1927లో రక్సౌల్ నుంచి ఇక్కడికి నేపాల్ తొలి రైలు నడిచింది, ఇప్పుడు లేదు. 2019 నుంచి బీహార్‌లోని మోతిహారీ నుంచి పెట్రోలు గొట్టం ఇక్కడికే వస్తోంది. ఆ ఊరు దాటితే చురియా కొండలు, కాస్త ఎగుడు, కాస్త దిగుడు, సాయంత్రానికి హెటౌడా. గదిలో సామాను పడేసి స్నానానికి పోయే ముందు రెండు పనులు చూసుకోవాలి. చైను దుమ్ము తుడిచి రెండు చుక్కలు నూనె వేయడం ఒకటి. క్యారియరు బోల్టులు నాలుగూ పట్టి చూడడం రెండోది. కొత్త బరువుకి తొలి రోజే అవి వదులవుతాయి.

ఎందుకంటే మర్నాడు ఉంది అసలు సంగతి. హెటౌడా నుంచి ఖాట్మండూకి పోయే పాత దారి త్రిభువన్ రాజపథ్. భారత్ సాయంతో 1956లో పూర్తయింది. అంతకు ముందు ఖాట్మండూలో రాణాల కార్లు తిరిగాయంటే, వాటిని కూలీలు దుంగల మీద కట్టుకుని భుజాల మీద ఈ కొండలు దాటించినవే. ఆ రోడ్డు మీద సిమ్‌భంజ్యాంగ్ కనుమ 2,488 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. అంటే దేవమాలి ఎక్కి, దాని నెత్తిన ఇంకో 800 మీటర్లు ఎక్కినట్టు. రోడ్డంతా మెలికలు, చాలా చోట్ల దిగి తోయాల్సిందే. పొద్దున్న ఆరింటికే బయల్దేరాలి. గడియారం పావుగంట ముందుకి తిప్పుకోవడం మరిచిపోతే, మన ఆరు నేపాల్లో ఆరుంబావు.